పేరు మిగిలింది, పద్యం పోయింది: వేల్స్ పాత ఆస్థాన కవుల గురించి ఎవరికైనా తెలుసా?

వరదగోదారి
నిన్న రాత్రి నిద్ర పట్టక ఏదో చదువుతూ చదువుతూ బ్రిటన్ పాత చరిత్రలోకి వెళ్లిపోయాను. 'హిస్టోరియా బ్రిట్టోనుమ్' అని లాటిన్‌లో ఒక గ్రంథం ఉందట, 829-830 ప్రాంతంలో వేల్స్ ఉత్తరాన గ్వినెద్ రాజ్యంలో రాశారంటారు. దాని 62వ అధ్యాయంలో ఒకే ఒక్క వాక్యం నన్ను పట్టేసుకుంది. అందులో ఐదుగురు కవుల పేర్లున్నాయి: తల్‌హయర్న్, నెయిరిన్, తలియెసిన్, బ్లుఖ్‌వర్ద్, కియన్. వీళ్లు బ్రిటన్ల (అంటే ఇప్పటి వెల్ష్‌వాళ్ల పూర్వీకుల) భాషలో కవిత్వం చెప్పి పేరు తెచ్చుకున్నారు అని ఒక ముక్క చెప్పేసి ఆ రచయిత మళ్లీ రాజుల గొడవలోకి వెళ్లిపోయాడు. నెయిరిన్ అంటే అనైరిన్ అట. ఆయన పేరు మీదా, తలియెసిన్ పేరు మీదా పద్యాలు మిగిలాయి. మిగతా ముగ్గురివీ ఒక్క పాదం కూడా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు! పన్నెండు వందల ఏళ్ల నుంచి వాళ్లు గొప్ప కవులని అందరూ చెబుతూనే ఉన్నారు, ఎందుకు గొప్పో చెప్పడానికి మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు. దీని మీద ఇంకా ఎవరైనా చదివారా?

మినపరొట్టె
మా ఆఫీసులో కూడా అలాంటివాళ్లు ఉన్నారన్నా. ఏం చేశారో తెలీదు, పేరు మాత్రం పెద్దది.

తాటాకు
మంచి విషయం ఎత్తారు. నేను చదువు చెప్పే రోజుల్లో దీని మీద కొంత తవ్వాను, గుర్తున్నది రాస్తాను.

ఆ వాక్యాన్ని కొంచెం నిదానంగా చూడండి. ముందు తల్‌హయర్న్ ఒక్కడి పేరు చెప్పి, అప్పుడు అతను కవిత్వంలో వెలిగాడు అంటాడు. ఆ తర్వాత మిగతా నలుగురినీ కలిపి, వీళ్లంతా ఒకే కాలంలో అంటాడు. అంటే తల్‌హయర్న్‌ని విడిగా, కాస్త ముందు వరసలో కూర్చోబెట్టాడు. అతని బిరుదు 'తాద్ అవెన్'. తాద్ అంటే తండ్రి, అవెన్ అంటే కవికి పూనే ఆవేశం, స్ఫూర్తి. కవిత్వావేశానికి తండ్రి అన్నమాట. పేరుకేమో 'ఇనుప నుదురు' అని అర్థం. ఇంత బరువైన బిరుదు ఊరికే రాదు కదా, అతని తర్వాతి కవులు అతన్ని గురువుగా తలచుకున్నారనే నేను అనుకుంటాను.

దానికి ముందు వాక్యంలో ఏముందో కూడా చూడాలి. ఆ కాలంలో యుదెయర్న్ అనే రాజు ఇంగ్లీషువాళ్ల మీద ధైర్యంగా పోరాడాడు అని ఉంది. వెంటనే కవుల పేర్లు. కాబట్టి తల్‌హయర్న్ ఆ యుదెయర్న్ కొలువులో కవి అయి ఉండవచ్చని ఒక ఊహ. ఊహే సుమా. చెప్పిన కాలం 6వ శతాబ్దం మధ్య భాగం.

సందేహాలరావు
నాకో అనుమానం. 550లో ఉన్న కవుల గురించి 830లో ఎవడో రాశాడు. మధ్యలో 280 ఏళ్లు. ఈ ఐదుగురిలో ముగ్గురు అసలు లేరేమో, రచయితే కల్పించాడేమో? పద్యం లేదు, కాలం సరిగా లేదు, మరి కవి ఉన్నాడని ఎలా నమ్మాలి?

తాటాకు
కల్పించేవాడైతే బ్లుఖ్‌వర్ద్‌ని కల్పించడు సార్. కల్పించేవాడు ఏదో ఒక కథ చెబుతాడు, ఒక రాజుకి కడతాడు, ఒక మహిమ అంటగడతాడు. ఇక్కడ వట్టి పేరు పడేసి వెళ్లిపోయాడు, చదివేవాళ్లకి ఎలాగూ తెలుసు అన్నట్టు. అదే నాకు పెద్ద సాక్ష్యం. 830లో ఆ పేరు చెబితే వినేవాడికి చెవిలో ఏదో మోగేది, ఆ మోగేది మనకి పోయింది.

ఇంకోటి, 14వ శతాబ్దంలో చేతిరాతగా మిగిలిన 'తలియెసిన్ పుస్తకం'లో ఒక పద్యం తల్‌హయర్న్‌ని జ్ఞానులందరిలోకీ గొప్పవాడు అంటుంది. కియన్ పేరు కూడా దాన్లో ఉంది. అంటే ఎక్కడో ఆ పేర్లు నోళ్లలో తిరుగుతూనే ఉన్నాయి.

ఓరుగల్లు పిల్ల
నేను భాషాశాస్త్రం చదువుతున్నాను, కాబట్టి నా కళ్లు కియన్ బిరుదు మీద పడ్డాయి :) 'గ్వెనిత్ గ్వౌద్'. చేతిరాతలో కొంచెం తప్పుగా 'గ్వెయింత్' అని పడింది, దాన్ని గ్వెనిత్ అని సరిచేసి చదువుతారు. గ్వెనిత్ అంటే గోధుమ. గ్వౌద్ అంటే ఆ రోజుల్లో పాట, పొగడ్త. మొత్తం కలిపితే 'పాటల్లో గోధుమ'. తవుడూ పొట్టూ లేని మేలిరకం గింజ అన్నమాట. ఎంత బాగుందో.

తమాషా ఏంటంటే ఇప్పటి వెల్ష్‌లో గ్వౌద్ అంటే వెక్కిరింత, ఎగతాళి. పొగడ్త కాస్తా ఎగతాళి అయింది. అంటే ఈ రోజు ఒక వెల్ష్ పిల్లాడికి ఈ బిరుదు చూపిస్తే 'ఎగతాళి గోధుమ' అని నవ్వుతాడేమో. మన 'కంపు' లాగే. పాత పద్యాల్లో పూల కంపు అంటే పరిమళం. ఇప్పుడు ఎవరికైనా చెప్పి చూడండి మరి.

మినపరొట్టె
మా ఆవిడకి చెప్పి చూశాను. ఇప్పుడు బయట వరండాలో ఉన్నాను.

కార్డిఫ్‌లో కాకినాడ
హహహ. నేను ఇక్కడ ఆరేళ్ల నుంచి ఉంటున్నా, ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను. ఆ 'గ్వౌద్' సంగతి మా టీంలో ఒక వెల్ష్ పెద్దాయన్ని అడిగా. నిజమే అన్నాడు, తను చిన్నప్పటి నుంచి వెక్కిరించడం అనే అర్థంలోనే విన్నాడట, పాత అర్థం బడిలో పద్యం చెప్పినప్పుడు తెలిసిందట.

ఒక ప్రశ్న. ఉత్తర వేల్స్‌లో తిరుగుతుంటే లాన్‌వైర్ తల్‌హయర్న్ అని బోర్డు చూశాను, ఎల్వీ నది పక్కన చిన్న ఊరు. ఈ కవి ఊరేనా అది?

తాటాకు
కాదు బాబూ, అక్కడ తల్‌హయర్న్ అనేది ఒక సాధువు పేరు. ఆ ఊళ్లో పుట్టిన 19వ శతాబ్దపు కవి ఒకాయన కూడా తల్‌హయర్న్ అని కలం పేరు పెట్టుకున్నాడు. వెతికితే ముగ్గురూ కలిసిపోయి వస్తారు, జాగ్రత్త.

వరదగోదారి
మాస్టారూ, ఈ ముగ్గురే కాకుండా ఇంకా ఎవరైనా ఉన్నారా అలా పోయినవాళ్లు?

తాటాకు
ఉన్నారు. వెల్ష్‌లో 'త్రయాలు' అని ఉన్నాయి. ముగ్గురు ఉదార ప్రభువులు, మూడు దురదృష్టపు దెబ్బలు, ఇలా ఏదైనా మూడేసి చొప్పున జ్ఞాపకం పెట్టుకునే జాబితాలు. కథలు చెప్పేవాళ్లకి అవి సూచిక లాంటివి, పేరు చూడగానే కథ గుర్తు రావాలి. అందులో 'ఎర్ర ఈటెల ముగ్గురు కవులు' అని ఒకటుంది. ఉరియెన్ అనే రాజు దగ్గరి కవి త్రిస్త్‌వర్ద్, ఉరియెన్ కొడుకు ఓవైన్ కవి దుగున్నెలు, కద్వల్లాన్ కవి అవాన్ వెర్దిగ్. ఈటె ఎర్రబడింది అంటే ఈ కవులు కొలువులో కూర్చుని పాడేవాళ్లే కాదు, యుద్ధంలో పొడిచినవాళ్లు కూడా.

త్రిస్త్‌వర్ద్, దుగున్నెలు ఇద్దరివీ ఏమీ లేవు. అవాన్ విషయం కొంచెం వేరు. కద్వల్లాన్‌ని పొగిడే పాత పద్యం ఒకటి చాలా తర్వాతి కాలపు నకళ్లలో మిగిలింది, అది అవాన్‌ది కావచ్చని కొందరు పండితులు అనుకున్నారు. కద్వల్లాన్ అంటే 633లో నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ని చంపినవాడు, మరుసటి ఏడాదే తనూ చచ్చిపోయాడు.

ఆ 'దురదృష్టపు దెబ్బలు' త్రయంలో అనైరిన్ కూడా ఉన్నాడు, హైదిన్ అనేవాడు గొడ్డలితో నరికి చంపాడని. అక్కడ అనైరిన్‌ని కవులకు రాజు అంటారు. ఎందుకు చంపాడో లేదు. కథ పోయింది, గొడ్డలి మిగిలింది.

సందేహాలరావు
సరే, ఉన్నారనే ఒప్పుకుంటా. మరి ఎందుకు పోయాయి? ఇంగ్లీషువాళ్లు తగలబెట్టేశారా?

తాటాకు
అందరూ మొదట అదే అంటారు. మంటల్లో పోయినవి లేకపోలేదు. 1646లో రాగ్లన్ కోట గ్రంథాలయం యుద్ధంలో నాశనమైంది, 1807లో హవొద్ బంగళా తగలబడి పుస్తకాలు బూడిదయ్యాయి. కానీ ఈ కవుల విషయంలో మంటల మీద నెపం వేయడం తేలిక, నిజం కాదు. అసలు కాగితం మీదకే ఎక్కలేదు, ఎక్కనిదాన్ని ఎవరు కాలుస్తారు? ఆ రోజుల్లో రాత అంటే మఠం, మఠం అంటే లాటిన్. కొలువులో కవి నోటితో చెప్పేవాడు, శిష్యుడు నోటితో నేర్చుకునేవాడు. ఆ రాజ్యం ఉన్నంతకాలం ఆ రాజు ముత్తాతని పొగిడిన పద్యానికి గిరాకీ. రాజ్యమే పోతే ఎవరికి చెబుతాడు?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ కవుల్లో చాలామంది ఇప్పటి వేల్స్‌లో లేనే లేరు. ఉరియెన్ రాజ్యం రెగెద్ ఇప్పటి ఉత్తర ఇంగ్లండ్ వైపు, గొదొదిన్ జాతి ఇప్పటి ఎడింబరో చుట్టుపక్కల. అక్కడంతా అప్పుడు వెల్ష్‌కి తల్లి భాషే. దాన్ని 'పాత ఉత్తరం' అంటారు. ఆ రాజ్యాలు 7వ శతాబ్దంలో ఒక్కొక్కటీ ఇంగ్లీషు రాజుల చేతికి పోయాయి, మెల్లగా భాష కూడా పోయింది. వేల్స్ దాకా వచ్చి చేరినవే మిగిలాయి. దారిలో ఎన్ని జారిపోయాయో.

ఓరుగల్లు పిల్ల
అయితే మిగిలినవి ఎలా మిగిలాయి సార్? అనైరిన్ పేరు మీదున్న 'గొదొదిన్' అనే యుద్ధ కావ్యం సంగతి చెప్పండి.

తాటాకు
అది ఉన్న 'అనైరిన్ పుస్తకం' 13వ శతాబ్దం రెండో సగంలో రాసింది. కవి కాలానికి ఆరు వందల ఏళ్ల పైన. చేతిలో ఇమిడేంత చిన్న పుస్తకం. ఇద్దరు రాశారు. మొదటివాడు తన కాలపు స్పెల్లింగుతో రాసుకుపోయాడు. రెండోవాడు మాత్రం ముందున్న పాత ప్రతిని చూసి, కొంత దూరం పోయాక స్పెల్లింగు కూడా మార్చకుండా ఉన్నదున్నట్టు దించేశాడు. ఆ బద్ధకమో, భక్తో, దాని వల్లనే దాని వెనక ఎంతో పాత రాతప్రతి ఉందని మనకి తెలిసింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అందులో ఒక గమనిక. గొదొదిన్‌లో ఒక్కో పద్యం పాటల పోటీలో ఒక పాట విలువ, కానీ దాని వెంబడి ఉన్న 'గ్వర్ఖాన్' అనే పాటలు ఒక్కోటి 363 పాటల విలువ, ఎందుకంటే ఆ కావ్యంలోని కత్రైత్ యుద్ధానికి వెళ్లిన వీరులు 363 మంది. ఆయుధం లేకుండా యుద్ధానికి ఎలా వెళ్లకూడదో, ఈ పాట రాకుండా కవి పోటీకి వెళ్లకూడదు అని రాసుంది. అంటే పరీక్షకి సిలబస్ అన్నమాట! సిలబస్‌లో ఉంది కాబట్టి బతికింది. తల్‌హయర్న్ బహుశా సిలబస్ మారిన ఏడాది పోయాడు.

మినపరొట్టె
ఈ మాట మా అబ్బాయికి చెబితే పాఠ్యపుస్తకంలో లేని కవులందరినీ ఇప్పుడే చంపేస్తాడు మాస్టారూ.

కార్డిఫ్‌లో కాకినాడ
కవికి కొలువులో జీతం, హోదా ఎలా ఉండేవి? హవెల్ దా చట్టాల్లో ఉందని ఎవరో చెప్పారు.

తాటాకు
హవెల్ దా 10వ శతాబ్దపు రాజు, ఆయన పేరు మీద చెలామణీ అయ్యే చట్టాలు మనకి దొరికేది 13వ శతాబ్దం నుంచి. అందులో రెండు రకాల కవులు. 'పెన్‌కెర్ద్' అంటే ప్రధాన కవి, పోటీలో కుర్చీ గెలుచుకున్నవాడు. ముందు దేవుడి మీద, తర్వాత రాజు మీద పాడాల్సింది అతనే. రెండోవాడు 'బార్ద్ తెయ్‌లి', రాజు సొంత దండులో కవి. కొలువులోకి చేరినప్పుడు రాజు వీణ లాంటి హార్ప్ ఇస్తాడు, రాణి బంగారు ఉంగరం ఇస్తుంది. దండు కొల్లగొట్టడానికి వెళితే తనూ వెళ్లాలి, తెచ్చిన పశువుల్లో అతనికి వాటా ఉంటుంది. యుద్ధం ఉన్న రోజు దండు ముందు నిలబడి 'బ్రిటన్ ఏలుబడి' అనే పాట పాడాలి.

ఆ పాట ఇప్పుడు లేదు. పేరు తెలుసు, ఎప్పుడు పాడాలో తెలుసు, ఎవరు పాడాలో తెలుసు. చట్టంలో ఎక్కింది పాట కాదు, పాడే డ్యూటీ.

ఇంకా సరదా నియమాలున్నాయి. రాణి తన గదిలో పాట వినాలనుకుంటే అతను కమ్లాన్ యుద్ధం మీద పాడాలి, అదీ మెల్లగా, అవతల హాల్లో ఉన్నవాళ్లకి ఇబ్బంది కలగకుండా. కవి బహుమతి అడుక్కోవడానికి వెళితే, రాజు దగ్గరైతే ఒక పాట చాలు, పెద్దమనిషి దగ్గరైతే మూడు పాడాలి, బీదరైతు దగ్గరైతే నిద్ర ముంచుకొచ్చేదాకా పాడాలి.

సందేహాలరావు
చూశారా, పేదవాడే ఎక్కువ పాటలు విన్నాడు, పద్యాలు మాత్రం రాజుల మీద మిగిలాయి. అసలు ఈ కవులు అంత గొప్పవాళ్లే అయితే వాళ్ల కాలంలోనే ఎవరైనా మెచ్చుకుని ఉండాలి కదా?

తాటాకు
మెచ్చుకున్నవాడు దొరకలేదు గానీ తిట్టినవాడు దొరికాడు. గిల్డాస్ అనే సన్యాసి 6వ శతాబ్దంలోనే లాటిన్‌లో రాజులందరినీ చెడామడా తిట్టాడు. గ్వినెద్ రాజు మైల్గున్‌ని తిడుతూ, నీకు దేవుడి కీర్తనలు వినిపించవు, నీ భట్రాజులు తాగినవాళ్లలా అరుస్తూ అబద్ధాలు చెబుతుంటే ఆ పొగడ్తలే వింటావు, నురగతో వాళ్ల నోటి తుంపర పక్కనున్నవాళ్ల మీద పడుతుంటుంది అన్నాడు.

ఆ మైల్గున్ 547లో చనిపోయాడని పాత సంవత్సరాల పట్టీలో ఉంది. అతని కొలువు కవుల పద్యం ఒక్కటీ లేదు. ఉన్నది ఆ తుంపర ఒక్కటే, అదీ శత్రువు రాసింది. నాకైతే ఆ సన్నివేశం కళ్లకి కట్టినట్టే ఉంటుంది.

వరదగోదారి
ఇది చదివి ఆగిపోయాను కాసేపు. పొగడ్త పోయి తిట్టు మిగలడం ఏంటండీ.

మనవాళ్లలో కూడా ఇలాంటిది ఉంది కదా. శ్రీనాథుడంతటివాడు చిన్నప్పుడు మరుత్తరాట్చరిత్ర, తర్వాత శాలివాహన సప్తశతి రాశానని తనే చెప్పుకున్నాడు, ఆ పుస్తకాలు మనకి లేవు. అయితే ఆయనకి మిగతావి ఉన్నాయి, పోయినా పోలేదు. ఈ కియన్‌కి ఏమీ లేదు.

ఓరుగల్లు పిల్ల
అవును, ఆ తేడా పెద్దదే. మనకి నన్నయకి ముందు కూడా 848 ప్రాంతపు అద్దంకి శాసనంలో తరువోజ పద్యం దొరికింది, రాయి మీద చెక్కారు కాబట్టి. అక్కడ పద్యం ఉంది, కవి పేరు లేదు. వేల్స్‌లో కవి పేరు ఉంది, పద్యం లేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే బాగుండేది.

కార్డిఫ్‌లో కాకినాడ
వెల్ష్‌లో దొరికిన పద్యాల్లో అన్నిటికంటే పాత రాత ఏది?

ఓరుగల్లు పిల్ల
ఇది నేను చెబుతా! కేంబ్రిడ్జిలో ఒక లాటిన్ పుస్తకం ఉంది, జువెన్‌కస్ అనే ఆయన పద్యంలో రాసిన సువార్త. దాని అంచుల్లో 9-10 శతాబ్దాల్లో ఎవరో పాత వెల్ష్‌లో పద్యాలు రాశారు. అందులో మూడు చిన్న పద్యాల్లో ఒక దొర మాట్లాడుతున్నాడు. ఈ రాత్రి నా 'తెయ్‌లి' పెద్దదేం కాదు, నేనూ, నా ఫ్రాంక్ సిపాయీ, మా కాగు చుట్టూ, అంతే. ఈ రాత్రి పాడను, నవ్వను అంటాడు, తేనె సారాయి తాగినా సరే. దండంతా ఏమైందో చెప్పడు. జీతానికి వచ్చిన పరాయివాడొక్కడు మిగిలాడు పక్కన. అంతే పద్యం, నాకు ఒళ్లు జలదరించింది.

ఆ 'తెయ్‌లి' అంటే అప్పుడు దండు, ఇప్పుడు కుటుంబం. మన 'పరివారం' లాగే, తెలుగులో వెంట ఉండే జనం, హిందీలో ఇంటివాళ్లు.

సందేహాలరావు
ఒకటి అడగాలి. పోయినవాటిని ఎవరూ 'దొరికించలేదా'? ఇంత ఖాళీ ఉంటే దొంగపద్యాలు పుట్టి ఉండాలే.

తాటాకు
మీ అనుమానాలు ఒక్కోసారి భలే తగులుతాయి. పుట్టాయి. యోలో మొర్గానుగ్ అని (1747-1826) గ్లామోర్గన్‌లో తాపీమేస్త్రీ, నల్లమందు అలవాటు, పాత వెల్ష్ మీద ప్రాణం. అసలు ప్రతులు వెతికి వెతికి నకలు చేసుకున్నాడు, దొరకనిచోట తనే రాసేసి పాతదన్నాడు. 1789లో అచ్చయిన 14వ శతాబ్దపు కవి దవిద్ అప్ గ్విలిమ్ సంపుటిలోకి తన పద్యాలు చొప్పించాడు, చాలాకాలం అవే కవి గొప్ప పద్యాలని మెచ్చుకున్నారు. 1792లో లండన్ ప్రింరోజ్ హిల్ మీద రాళ్లు వలయంగా పేర్చి పురాతన కవుల సభ అని ఒకటి నడిపాడు, అదే ఇప్పటికీ అక్కడి జాతీయ ఉత్సవంలో భాగం. దొంగతనం బయటపడింది 20వ శతాబ్దంలోనే.

నేను అతన్ని పూర్తిగా తిట్టలేను. మంచి కవే, తన పేరు పెట్టుకుని ఉంటే సరిపోయేది.

వరదగోదారి
తలియెసిన్ పుస్తకంలో ఉన్నవన్నీ మరి అతనివేనా?

తాటాకు
లేదు. అందులో యాభైకి పైగా పద్యాలు ఉంటే, సర్ ఇవోర్ విలియమ్స్ అనే పండితుడు పన్నెండు మాత్రమే 6వ శతాబ్దపు అసలు తలియెసిన్‌వి కావచ్చన్నారు. ఉరియెన్ మీద, పోవిస్ రాజు కనన్ గర్విన్ మీద పొగడ్తలు. ఆ పన్నెండు మీద కూడా ఇప్పటికీ వాదన ఉంది. మిగతావాటిలో తలియెసిన్ ఒక మంత్రగాడు, నేను చేపనయ్యాను, నేను గద్దనయ్యాను అని చెప్పుకుంటాడు. అంత పేరున్నవాడు కాబట్టి ఎవరు ఏం కట్టినా అతని ఖాతాలో వేశారు. నా అనుమానం ఏంటంటే, తల్‌హయర్న్ పద్యం ఏదైనా మిగిలి ఉంటే అది ఇప్పుడు తలియెసిన్ పేరు కిందే ఉండి ఉంటుంది.

సందేహాలరావు
ఇది ఒప్పుకుంటా. అప్పు తీసుకున్నవాడొకడు, సంతకం ఇంకొకడిది.

కార్డిఫ్‌లో కాకినాడ
మా పెద్దాయన ఒక సంగతి చెప్పాడు, అందరికీ చెప్పాలి. ఆ గొదొదిన్ యుద్ధ పద్యాల మధ్యలో ఒక జోలపాట ఉందట! ఎవరో పొరపాటున కలిపి నకలు చేసేశారు. దినోగద్ అనే పసివాడి చొక్కా గురించి. అమ్మ చుక్కల చుక్కల మార్టెన్ తోళ్లతో కుట్టింది, అది మన ముంగిస లాంటి జంతువు. మీ నాన్న వేటకి వెళితే భుజాన ఈటె, చేతిలో దుడ్డుకర్ర, కుక్కల్ని పిలిచేవాడు, గిఫ్, గాఫ్, పట్టు పట్టు, తే తే అని. పుట్టిలో కూర్చుని చేపల్ని చంపేవాడు. మన పుట్టి లాంటిదే వాళ్లకీ ఉంది, పూర్వం తోలు తొడిగేవాళ్లు, గుండ్రటి పడవ, ఇక్కడి నదుల్లో ఇప్పటికీ చూడొచ్చు. కొండ మీద నుంచి జింకా, అడవిపందీ, జలపాతం దగ్గర నుంచి చేపా తెచ్చేవాడు. రెక్కలున్నవి తప్ప ఏదీ తప్పించుకునేది కాదు.

అన్నీ 'తెచ్చేవాడు, చంపేవాడు' అనే ఉంటాయట. అంటే నాన్న ఇప్పుడు లేడు అని పెద్దాయన అన్నాడు, అని కాఫీ కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

ఓరుగల్లు పిల్ల
రాజుల్ని పొగిడినవాళ్లు పోయారు, కుక్కల పేర్లు మిగిలాయి. అయ్యో.

వరదగోదారి
ఆ పుస్తకం ఎక్కడుంది ఇప్పుడు? చూడనిస్తారా?

కార్డిఫ్‌లో కాకినాడ
అది కార్డిఫ్ నగరానిదే, కానీ ఉంచింది అబరిస్ట్విత్‌లో, జాతీయ గ్రంథాలయంలో. పేజీల ఫోటోలు వాళ్ల సైట్లో పెట్టారు. వచ్చే నెల అటు వెళ్లే పని ఉంది, చూడనిస్తే చూసి వచ్చి రాస్తా.

మినపరొట్టె
జోలపాట పేజీ ఫోటో పెట్టు తమ్ముడూ, గిఫ్ ఎక్కడుందో గాఫ్ ఎక్కడుందో ఎర్ర గీత గీసి పెట్టు. మిగతాది మాస్టారు చదివి చెబుతారు.